కడలి దీపమును కాచినవారు

ఇంటిలో వెలిగించు దీపము ఇంటివారికి వెలుగు నిచ్చును. వీథిదీపము వీథిని నడచువారికి దారి చూపును. సముద్రతీరమునందలి దీపస్తంభము అట్టిది కాదు. దాని క్రింద నిలిచినవానికి దానివలన కలుగు ప్రయోజనము మిక్కిలి స్వల్పము. ఎన్నడును ముఖమెరుగని వారికొరకు, పేరుగాని ఊరుగాని తెలియని వారికొరకు, పదునైదు ఇరువది మైళ్ల యవతల చీకటిలో పోవుచున్న ఓడకొరకు అది వెలుగుచుండును. అట్టి దీపము రాత్రి యెల్ల ఆరిపోకుండ కాచుటకై యెందరో తమ జీవితములను ధారపోసిరి. వారిలో స్త్రీలును కలరు. ఆ వృత్తాంతమును మన సోదరీమణులకు దెలుపవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

దీపస్తంభమనగా "ఇటు రండు" అని ఓడలను బిలుచు దీపమని మనలో పలువురి యభిప్రాయము. అట్టివియు కలవు గాని, పెక్కు దీపములు చెప్పునది "ఇటు రావలదు" అనియే. నడిసముద్రమున ఓడకు భయము తక్కువ. అచట లోతు అపారము. గాలివాన కోర్చుకొన్న చాలును. తీరము సమీపించినపుడే అసలు ప్రమాదము. నీటిలో మునిగియుండు రాళ్లు, ఇసుకదిబ్బలు, నదీముఖములందలి మేటలు పగటివేళ సైతము కంటబడవు. ఇక రాత్రి సంగతి చెప్పనేల? నావికుడు దిక్సూచిచే దిక్కు నెరుగగలడు, నక్షత్రములను జూచి తానున్న తావును లెక్కింపగలడు. మబ్బు క్రమ్మినచో నక్షత్రముల యాధారమును పోవును. అట్టి సమయమున దూరముగా నొక దీపము కనబడి, అది యే తావునందలి దీపమో నిశ్చయముగా తెలిసినచో వాని మనస్సు కుదుటబడును. "నిశ్చయముగా" అను మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. ఒకనాడు వెలిగి మరియొకనాడు వెలుగని దీపముకంటె అసలు దీపము లేకుండుటయే మేలు. దీపము కానరాలేదు గనుక రాళ్లింకను దూరమున నున్నవని నమ్మి ఓడను నడిపినవాడు నేరుగా రాళ్లమీదికే పోవును.

చరిత్రలో పేరెన్నికగన్న ప్రాచీన దీపస్తంభము ఐగుప్తుదేశపు అలెగ్జాండ్రియా రేవునందలిది. క్రీస్తునకు పూర్వము 280వ సంవత్సర ప్రాంతమున, రెండవ టాలమీ రాజ్యకాలమున, ఫారోస్ అను చిన్న దీవిపై దానిని కట్టిరి. క్రింది అంతస్తు చదరము, నడిమిది ఎనిమిది మూలలది, పైది గుండ్రనిది. ఎత్తు 300 అడుగులకు పైమాట. శిఖరమున నిప్పు మండుచుండెడిది. ప్రాచీనులు దానిని లోకమునందలి యేడు వింతలలో నొకటిగా నెన్నిరి. భూకంపములచే దెబ్బతినుచు 14వ శతాబ్దిలో అది శిథిలమయ్యెను; 15వ శతాబ్దిలో ఖాయిత్‌బే సుల్తాను ఆ తావుననే కోట కట్టించెను. కట్టడము కూలినను పేరు కూలలేదు. నేటికిని ఇటలీవారును స్పెయినువారును దీపస్తంభమును "ఫారో" అనియే యందురు.

మన దక్షిణదేశము ఈ విషయమున వెనుకబడి యుండలేదు. తమిళుల సంఘసాహిత్యమునకు చెందిన పెరుంబాణాట్రుప్పడై అను కావ్యమున, ఎత్తైన మేడపై నిచ్చెన నెక్కి రాత్రివేళ దీపము వెలిగించుటయు, సముద్రమునందలి ఓడలకు అది గుర్తగుటయు వర్ణింపబడినవి. మహాబలిపురమున పల్లవులు కట్టిన ఒలక్కణేశ్వరాలయము కొండమీద నున్నది. దాని చెంతనే నేటి రాతి దీపస్తంభము లేచుటకు ముందు, ఆ యాలయపు కప్పుమీదనే ఓడలకు దీపము పెట్టుచుండిరి. దేవుని గుడిపై దీపము బాటసారికి సైతము ఉపకరించుట నాకెంతయు సముచితముగ తోచుచున్నది.

దీపము పెట్టుట యొక సంగతి. పగిలిన ఓడలోని సొమ్ము ఎవ్వరిదను ప్రశ్న వేరొక సంగతి. పూర్వము పెక్కు దేశములందు ఒడ్డునబడిన ఓడ ఒడ్డువారి సొత్తు. మన తెలుగుతీరమున కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము ఈ దురాచారమును పేర్కొనుచున్నది. గాలివానకు చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును మునుపటి రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాము నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు దీసికొనమనియు ఆ రాజు వర్తకులకు అభయమిచ్చెను. మోటుపల్లి నేడు చిన్న పల్లె. ఆ శాసనపు గొప్పతనము తెలియవలెనన్న దాని తరువాత దాదాపు 375 ఏండ్లకు ఇంగ్లండులో జరిగిన దానిని జూడవలెను. కార్న్‌వాల్ సీమలో లిజార్డు అను కొమ్ముపై 1619లో జాన్ కిల్లిగ్రూ అను ప్రభువు దీపస్తంభము కట్టింపగా, అచ్చటివారు పనికి రామని మొరాయించిరట! ఓడలు పగిలి ఒడ్డునకు చేరు సరకు భగవంతుడు తమకిచ్చు ప్రసాదమనియు, దీపము పెట్టి ఆయన దానిని తమకు కాకుండ జేయుచున్నాడనియు వారి ఫిర్యాదు. పేదరికము మనుష్యునిచేత ఎట్టి మాటలైనను పలికించును.

తీరమున కట్టుట యట్లుండ, నడినీటిలోని రాతిపై స్తంభము నిలుపుట మరి యెంతయో కష్టము. ఇంగ్లండునకు దక్షిణమున ప్లీమతు రేవునకు సుమారు 14 మైళ్ల దూరమున ఎడ్డీస్టోన్ అను రాతిగుంపు కలదు. పోటువేళ అవి దాదాపు పూర్తిగ మునిగియుండును. ఎన్ని ఓడలు వానిపై నశించెనో! హెన్రీ విన్‌స్టన్లీ అనునతడు అచట దీపము నిలుపుదునని పూనుకొని, రాతిలో ఇనుపకమ్ములు దింపి, కఱ్ఱతో స్తంభము నెత్తెను. పని నడుమ ఫ్రెంచివారి ఓడ యొకటి వచ్చి యతనిని బందీగా గొనిపోయెను. అప్పుడు ఆ రెండు దేశములకును యుద్ధము. ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ సంగతి విని అతనిని విడిపించి, మరల పనికి పంపెను. ఆ దీపము వెలిగినచో ఇంగ్లీషు ఓడలనే కాదు, ఫ్రెంచి ఓడలనుగూడ కాచునుగదా. 1698 నవంబరున దీపము వెలిగెను. తన కట్టడముపై విన్‌స్టన్లీకి ఎంత నమ్మకమనగా, మహోగ్రమైన తుపాను వచ్చునపుడు తానందే యుండవలెనని కోరెడివాడు. 1703 నవంబరు 26వ తేదీ రాత్రి ఇంగ్లండు ఎన్నడును ఎరుగని తుపాను వచ్చెను. విన్‌స్టన్లీ మరమ్మతులకై ఆ స్తంభముననే యుండెను. తెల్లవారి చూడగా కొన్ని ఇనుపకమ్ములు తప్ప స్తంభము లేదు, అందలి మనుష్యులును లేరు. కొద్దిదినములలోనే పొగాకు గొనివచ్చుచున్న వించెల్సీ అను ఓడ ఆ రాళ్లపైననే పగిలిపోయెను.

రెండవ స్తంభమును కట్టినవాడు పట్టుబట్టల వర్తకుడు. రుడ్యర్డు అను నాతడు ఓడలు కట్టు వడ్రంగుల సాయమున కఱ్ఱతోడను రాతితోడను 1709 నాటికి పూర్తిచేసిన స్తంభము దాదాపు అర్ధశతాబ్ది నిలిచెను. అలలకు లొంగని దానిని అగ్ని మ్రింగెను. 1755 డిసెంబరున దీపపుగదిలో నిప్పంటుకొనెను. కావలివాడు హెన్రీ హాల్ 94 ఏండ్ల వృద్ధుడు. పైకి నీళ్లు చిమ్ముచుండగా, కరిగిన సీసపుకప్పు కారి అతని నోటబడెను. సీసము తన కడుపులోనికి పోయినదని అతడు చెప్పగా వైద్యుడు నమ్మలేదు. పండ్రెండు దినములకు అతడు మరణించిన పిమ్మట ఉదరమును శోధింపగా సీసపుముద్ద దొరకెను. తొంబది నాల్గేండ్ల ముసలివానిని నడిసముద్రమున కావలి పెట్టినవారి ధర్మబుద్ధిని గూర్చి చరిత్రకారు లేమియు వ్రాయరు.

మూడవ స్తంభము జాన్ స్మీటన్ అను యంత్రశిల్పిది. ఓకు అను మహావృక్షము మొదట విశాలమై, పోనుపోను సన్నగిల్లి, ఎంత గాలికిని కూలకుండుట జూచి ఆ యాకారమున స్తంభమును నిర్మించెను. వడ్రంగులు పెట్టె మూలలను పండ్లుగా కోసి ఒకదానిలో నొకటి బిగించునట్లు, రాళ్లను చెక్కి ప్రక్కరాతితోడను అడుగురాతితోడను పెనవేసెను. నీటిలోనే గట్టిపడు సున్నమును శోధించి కనుగొనెను. 1759లో దీపము వెలిగెను. ఇంతటి శ్రమకు ఫలముగా అందు వెలిగినవి 24 క్రొవ్వొత్తులు! 120 సంవత్సరములకు పైగా ఆ స్తంభము చెక్కుచెదరలేదు. చెదరినది దాని క్రింది రాయి. అలలు ఆ రాతిని తొలిచివేయుటచే 1882లో ప్రక్కరాతిపై నాల్గవ స్తంభమును నిలిపి, స్మీటను స్తంభపు పైభాగమును ఊడదీసి ప్లీమతు తీరమున మరల నిలిపిరి. పాత స్తంభపు మొదలు నేటికిని సముద్రములో నిలిచియున్నది.

క్రొవ్వొత్తి వెలుగు ఎంత దూరము పోగలదు? అంతకు పూర్వము కట్టెలును రాక్షసిబొగ్గును మండించుచుండిరి. పిమ్మట నూనెదీపములు వచ్చినవి. అయినను దీపపుకాంతి అన్ని వైపులకును చెదరి, ఆకాశమునకు కొంత, నేలకు కొంత వ్యర్థమగుచుండెను. ఈ నష్టమును బాపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు ఫ్రెనెల్. అతడు పెద్ద కటకమునకు బదులు గాజును వలయములు వలయములుగా కోసి యమర్చి, చెదరిపోవు కిరణముల నెల్ల వంచి ఒక్కదారిని బట్టించెను. 1823లో ఫ్రాన్సునందలి కోర్డువా దీపస్తంభమున దీనిని మొదట నెలకొల్పిరి. దీపము అదియే, వెలుగు మాత్రము ఎన్నో రెట్లు. తరువాత ఆ గాజుపంజరమును పాదరసముపై తేల్చి, గడియారమువంటి యంత్రముచే త్రిప్పసాగిరి. అందుచే దూరమువారికి దీపము మెరసి మాయమగుచున్నట్లు కనబడును. ఇన్ని నిమిషములకు ఇన్ని మెరుపులని ప్రతి స్తంభమునకును లెక్క యేర్పరచి పుస్తకములలో అచ్చువేసిరి. అడుగుల చప్పుడుబట్టి వచ్చునది అత్తగారో మరదలో మనమెరుగునట్లు, మెరుపుల లెక్కబట్టి నావికుడు ఇది ఫలాని దీపమని యెరుగును.

ఇంతవరకు వ్రాసినది రాళ్లు, గాజు, యంత్రములను గూర్చి. గ్రంథములందు వీనికే పెద్దపీట. కాని దీపమును నిజముగా నిలిపినది ప్రతిదిన పరిచర్య. సాయంకాలము దీపములు వెలిగించుట, కొన్ని గంటలకొకమారు నూనె పోయుట, వత్తుల కొనలు కత్తిరించుట, మసిబారిన గాజులు తుడుచుట, యంత్రపు బరువులు పైకి జుట్టుట, తెల్లవారగనే ఇత్తడి తోముట, మరల సాయంకాలమునకు సర్వము సిద్ధము చేయుట. లాంతరు గాజుబుడ్డిని ముగ్గుతో తోమిన మన తల్లులకును అవ్వలకును ఈ పని కొత్తది కాదు. మానుటకు వీలులేకుండుటయే ఇందలి విశేషము. జ్వరము వచ్చినను, చావు కలిగినను దీపము వెలుగవలసినదే. వేల్సు తీరమునకు దూరమున నున్న స్మాల్స్ స్తంభమున 1801 ప్రాంతమున ఇద్దరు కావలివారుండిరి. వారికి తరచు జగడములని అందరెరుగుదురు. వారిలో నొకడు చనిపోయెను. శవమును సముద్రమున విడిచినచో తానే చంపితినని లోకమనునేమోయని రెండవవాడు భయపడి, కొయ్యపెట్టె చేసి శవమునందుంచి స్తంభమునకు వెలుపల కట్టెను. గాలివానలచే వారముల తరబడి పడవ రాలేదు. అన్ని రాత్రులును అతడు దీపము నారనీయలేదు. తుదకు తీరము చేరినపుడు అతని రూపును స్నేహితులే గుర్తింపలేకపోయిరి. ఆనాటినుండి అట్టి ఏకాంతస్థలములందు ముగ్గురిని నియమించుట ఆచారమయ్యెను.

ఇక స్త్రీల మాట. అమెరికా ఈశాన్యతీరమున, మెయిన్ రాష్ట్రమునకు దూరముగా సముద్రమధ్యమున మటినికస్ రాయి యను దీవి కలదు. అందు రెండు స్తంభములు, రెండింటను కలిపి 28 దీపములు. సామ్యుయేల్ బర్జెస్ అనునతడు 1853లో దీపపాలకుడై కుటుంబముతో అచటికి వచ్చెను. భార్య రోగపీడితురాలు. చేపలవేటకు బోవునప్పుడు తండ్రి తన కూతురగు ఆబీకి దీపముల పని నేర్పెను. 1856 జనవరిలో ఆహారపదార్థములు తరుగగా తండ్రి వానికై తీరమునకు పోయెను; అన్నగారును ఇంటలేడు. ఇంతలో తుపాను విరుచుకొనిపడెను. దీవిలో మిగిలినది మంచముపట్టిన తల్లి, చిన్నచెల్లెండ్రు, పదునారేండ్ల ఆబీ. అలలు దీవిని ఒక కొననుండి మరియొక కొనవరకు ముంచెత్తసాగెను. ఆబీ తల్లిని చెల్లెండ్రను స్తంభములోనికి చేర్చెను. పిమ్మట కోళ్లు జ్ఞాపకమునకు వచ్చినవి. తల్లి వలదన్నను, అల వెనుకకు తీసిన క్షణము జూచి, మోకాలిలోతు నీటిలో పరుగెత్తి, ఒక్కటి తప్ప కోళ్లనన్నిటిని బుట్టలో వేసికొని వచ్చి తలుపు మూసెను. మరుక్షణమున వచ్చిన అల వారు విడిచిన పాతయింటిని ఊడ్చుకొనిపోయెను. ఈ కోళ్ల సంగతిని కొందరు నవ్వులకు వ్రాయుదురు. ఇంట ఆహారము నిండుకొన్న వేళ గ్రుడ్డు పెట్టు కోడి విలువ యెంతయో గృహిణులకు వేరుగ జెప్పనక్కరలేదు.

తుపాను తగ్గినను సముద్రము తగ్గలేదు. సుమారు నాలుగు వారములు తండ్రి తిరిగి రాలేకపోయెను. ఆ దినములన్నియు ఆ బాలిక రోగికి సేవ చేయుచు, చెల్లెండ్రకు ధైర్యము చెప్పుచు, ప్రతి రాత్రియు ఇరువదియెనిమిది దీపములను వెలిగించి కాచెను. ఒక్క రాత్రియైనను వెలుగు తప్పలేదు. 1861లో ప్రభుత్వపక్షము మారుటచే తండ్రి యుద్యోగము పోయెను. క్రొత్తగా వచ్చిన పాలకునికి పని నేర్పుటకై ఆబీ అచటనే యుండి, వాని కుమారుని పెండ్లాడెను. పిమ్మట జీతముగల సహాయోద్యోగిగా తానును నియమింపబడి, మరియొక స్తంభమున 1890 వరకు దంపతులిద్దరును దీపముసేవ చేసిరి. 1892లో ఆమె మరణించెను. ఆమె సమాధికడ చిన్న దీపస్తంభపు ప్రతిమను 1945లో నిలిపిరి.

ఆబీకంటె గ్రేస్ డార్లింగు కీర్తి పెద్దది. ఇంగ్లండు ఈశాన్యమున ఫార్న్ దీవులలోని లాంగ్‌స్టన్ స్తంభపాలకుని కుమార్తె యీమె. 1838 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారుజామున ఫార్ఫర్‌షైర్ అను పొగయోడ రాతిపై రెండుగ పగిలియుండుట కిటికీలోనుండి చూచెను. ఇరువదిరెండేండ్ల ఆ కన్యయు తండ్రియు తెడ్ల పడవలో, ప్రచండమైన అలలలో మైలు దూరము పోయిరి. తండ్రి రాతిపైకి దుమికి జనులను దింపుచున్నంతసేపును పడవ రాతికి గొట్టుకొనకుండ గ్రేస్ ఒంటరిగ నిలిపెను. మొదటిమారు ఐదుగురిని దెచ్చిరి. వారిలో నొక తల్లి, తన యిద్దరు బిడ్డలు ఒడిలోనే మరణింపగా తాను బ్రతికినది. రెండవమారు తండ్రి మరి నలుగురిని దెచ్చెను. పిమ్మట దేశమంతటను గ్రేసు పేరు మారుమ్రోగెను. చిత్రకారులు వరుసకట్టిరి, తలవెండ్రుకలు పంపుమని జాబులు, సర్కసువారు సైతము పిలిచిరి. ఆమె దీనినంతయు కోరినది కాదు. 1842లో, ఇరువదియారేండ్ల ప్రాయమున, క్షయవ్యాధిచే కన్నుమూసెను. ఆ యుదయమున పడవను నీట దింపుటకు తోడ్పడి, భర్తను కూతురిని అలలలోనికి పంపి, తొమ్మండుగురికి పరుపులును వేడి ఆహారమును సిద్ధపరచిన తల్లి థామసిన్ పేరు ఏ పద్యమునను నాకు కానరాలేదు.

నా మనస్సున కెక్కినది మరియొకామె, కేటు వాకరు. జర్మనీనుండి కుమారునితో అమెరికాకు వచ్చిన విధవ. దీపపాలకుని పునర్వివాహమాడి, న్యూయార్కు రేవులోని రాబిన్స్ రీఫ్ స్తంభమునకు వచ్చెను. నాలుగు వైపులను నీరే. మొదట ఆమె ఈ చోట నుండజాలనని పెట్టెలైనను విప్పలేదు. ఒక్కొక్క వస్తువే బయటకు దీయుచు కాలము గడపెను. భర్త న్యుమోనియాచే మరణించుచు "దీపము జాగ్రత్త, కేటూ" అనెనని చెప్పుదురు. ఆమె యంత్యక్రియలు కానిచ్చి తిరిగి స్తంభమునకే వచ్చెను. పొడవు ఐదడుగులైనను లేదు గనుక ఈమెకు ఉద్యోగమీయ అధికారులు సందేహించిరి. పురుషులకు ఇయ్యజూపగా ఒంటరితనమునకు వెరచి వారొల్లకపోయిరి. తుదకామెకే యిచ్చిరి. పిల్లలను పడవలో నెక్కించుకొని తానే తెడ్లు వేయుచు బడికి పంపుచుండెను. పొగమంచు పట్టిన రాత్రులలో హెచ్చరిక యంత్రము చెడినచో సుత్తిగైకొని గంట మ్రోగించెడిది. పడవలు బోల్తాపడినవారిని సుమారు ఏబదిమందిని గాచెనని ఆమె లెక్క. 1919లో ఉద్యోగము విరమించెను.

ఈ కావలివారి కాలము ముగిసినది. విద్యుచ్ఛక్తియు స్వయంచాలక యంత్రములును రాగా మనుష్యుని యక్కర తీరెను. ఎడ్డీస్టోన్ స్తంభమునుండి 1982లో కావలివారిని ఉపసంహరించిరి. ఇంగ్లండున కడపటి కావలివారు 1998లో నార్త్ ఫోర్లెండు స్తంభమును విడిచిరి. అమెరికాలో 1716లో వెలిగిన బోస్టను దీపస్తంభమున మాత్రము శాసనము ననుసరించి మనుష్యుల నుంచిరి. దాని కడపటి పాలకురాలు శాలీ స్నోమన్ 2003 మొదలు 2023 తుదివరకు పనిచేసిన స్త్రీయే. నేడు నావికునికి ఉపగ్రహములు తానున్న తావును చెప్పుచున్నవి. అయినను యంత్రము తప్పు చెప్పినదా యని సరిచూచుకొనుటకు కంటికి గనబడు దీపము ఉండవలసినదేయని సముద్రమెరిగినవారందురు.

మన తీరమునను ఇట్టివి కలవు. విజయనగరము జిల్లా చింతపల్లి కడ, సముద్రములోని రాళ్లనుండి భీమునిపట్నమునకు పోవు ఓడలను కాచుటకై 1847లోనే దీపస్తంభము నెలకొల్పిరి; ఇంగ్లీషువారి పటములందు ఆ రాళ్లకు "శాంటాపిల్లి" యని పేరు. విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్ముపై దీపస్తంభము 1957 నాటిది. మన తెలుగు గ్రంథములును పత్రికలును ఒకనాడు విరివిగ అచ్చయిన చెన్నపట్టణమున దీపము నాలుగు చోట్లకు మారినది. 1796లో కోటలోని కట్టడముపై వెలిగెను. 1844లో ప్రత్యేకముగ రాతిస్తంభము లేచెను. 1894లో హైకోర్టు గోపురముపైకి చేరెను. 1977నుండి మెరీనా తీరమున నున్నది. పాత రాతిస్తంభము హైకోర్టు ఆవరణలో నేటికిని నిలిచియున్నది. మెరీనా స్తంభమున లిఫ్టు గూడ నున్నందున మెట్లెక్కలేని పెద్దవారును పైకి పోవచ్చును. చెన్నపట్టణమునకు బోవు సోదరీమణులు పిల్లలను వెంటగొని ఒకమారు చూచి రావచ్చును.